ఆండ్రాయిడ్, ఐఓఎస్: మెయిన్స్ కోసం ఈ టాపిక్ నేనెలా చదివాను

గ్రూప్-1 మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. సైన్స్ అండ్ టెక్నాలజీ అనగానే చాలామంది ఇస్రో, బయోటెక్నాలజీ, కృత్రిమ మేధల మీద రోజుల తరబడి కూర్చుంటారు. ఫోనును నడిపించే మూల సాఫ్ట్‌వేర్ అయిన మొబైల్ ఆపరేటింగ్ సిస్టమ్‌లకు మాత్రం నోట్సులో అర పేజీ కేటాయించి వదిలేస్తారు. నేను ఈ టాపిక్‌కు కావాలనే ఎక్కువ సమయం ఇచ్చాను. ఒకసారి లోతుగా చదివితే సైన్స్ పేపర్‌లోనూ, ఎకానమీలో పోటీ చట్టం గురించి రాసేటప్పుడూ, జనరల్ ఎస్సేలోనూ అక్కరకొచ్చే టాపిక్ ఇది.

చిక్కడపల్లి గ్రంథాలయంలో మా బృందం సాయంత్రాలు ఏదో ఒక అంశం తీసుకుని చర్చించేది. గూగుల్ ఆండ్రాయిడ్, ఆపిల్ ఐఫోన్లను నడిపే ఐఓఎస్‌లలో ఏది ముందు పరుగెడుతోందన్న ప్రశ్న వచ్చిన రోజు ఎవరి చేతిలో ఏ ఫోను ఉంటే వారు దాని పక్షాన వాదించారు. ఒకరు విడ్జెట్లంటే (తెర మీదే సమాచారం చూపే చిన్న పలకలు) మరొకరు ఫేస్ ఐడీ (ముఖం చూసి ఫోను తెరిచే సౌకర్యం) అన్నారు. వాదన ఎంత సాగినా జవాబు పత్రంలో రాయదగ్గ వాక్యం ఒక్కటీ రాలేదు. ఆ రాత్రి నేను తేదీలన్నీ ఒక పట్టికగా రాసుకున్నాను. ఏ సౌకర్యం ముందు ఎవరు తెచ్చారు, అవతలివారు ఎన్నేళ్లకు అందుకున్నారు, ఎందుకంత సమయం పట్టింది? ఈ మూడు గడుల్లో మార్కులు తెచ్చేది చివరిదే.

2007 జూన్‌లో అమ్మకానికి వచ్చిన ఐఫోన్‌లో కాపీ-పేస్ట్ లేదు. 2009లో గానీ రాలేదు. యాప్ స్టోర్ కూడా 2008 జులైలోనే మొదలైంది. పైనుంచి కిందికి లాగితే నోటిఫికేషన్లు కనిపించే తెర ఆండ్రాయిడ్‌లో 2008లో వచ్చిన తొలి ఫోను నుంచే ఉంది. ఐఓఎస్‌కు 2011లో వచ్చింది. హోమ్ స్క్రీన్ మీద ఎక్కడైనా పెట్టుకునే విడ్జెట్ల కోసం ఐఫోన్ వినియోగదారులు 2020 దాకా ఆగారు. ఇక అటువైపు చూడండి. 2013లో ఆపిల్ వేలిముద్ర సెన్సర్ తెచ్చింది. ఆండ్రాయిడ్ తన వ్యవస్థలోనే వేలిముద్రకు చోటిచ్చింది 2015లో. కాంటాక్టులు, కెమెరా వంటివాటికి యాప్ వాడేటప్పుడే అనుమతి అడిగే పద్ధతి కూడా ఆండ్రాయిడ్‌కు ఆ ఏడాదే వచ్చింది. అప్పటిదాకా యాప్ వేసుకునేటప్పుడే అన్నింటికీ ఒకేసారి ఒప్పుకోవాల్సి ఉండేది.

ఈ పట్టికను చూస్తూ కూర్చుంటే నాకు ఒక విషయం స్పష్టమైంది. కొత్త ఆలోచనను ముందు బయటపెట్టడంలో ఆండ్రాయిడ్‌ది చురుకైన చేయి. తెచ్చినదాన్ని తన వినియోగదారులందరి చేతికీ ఒకేసారి చేర్చడంలో ఐఓఎస్‌ది పైచేయి. ఆవిష్కరణ వేగం అన్నప్పుడు ఈ రెండు వేగాలనూ విడదీసి రాయాలి. నా జవాబుకు వెన్నెముక ఇదే.

దీనికి నేను వాడిన ఉదాహరణ మన అక్షరానిదే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఐఫోన్లను ఆపేసింది. జ కింద ఞ ఒత్తు, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక విభజన సంకేతం, దానిపై దీర్ఘం: ఈ వరుసను తెరపై గీయలేక అప్పటి ఐఓఎస్ చేతులెత్తేసింది. సందేశంలో ఆ అక్షరం వస్తే చాలు, ఆ యాప్ మూతపడేది. ఆపిల్ అదే నెల 19న 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. ఆ వెర్షన్ నడిచే ప్రతి ఐఫోన్‌కూ అది నేరుగా ఆపిల్ నుంచే అందింది. మధ్యలో మరో కంపెనీ లేదు.

ఇప్పుడు 2015లో ఆండ్రాయిడ్‌లో బయటపడిన స్టేజ్‌ఫ్రైట్ లోపాన్ని దీని పక్కన పెట్టండి. ఒక మల్టీమీడియా సందేశంతో ఫోనులోకి చొరబడగలిగే లోపం అది. గూగుల్ సవరణ సిద్ధం చేసినా అది ఫోను తయారీదారు దగ్గరికి, కొన్ని దేశాల్లో ఆ పైన టెలికాం సంస్థ దగ్గరికి వెళ్లి, అక్కడ పరీక్షలు పూర్తయ్యాకే వినియోగదారుకు చేరాలి. ఆ సంఘటన తర్వాతే గూగుల్ నెలవారీ భద్రతా అప్‌డేట్లు మొదలుపెట్టింది. 2017లో ప్రాజెక్ట్ ట్రెబుల్‌తో చిప్ తయారీదారుల కోడ్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వేరుచేసింది. 2019లో ఆండ్రాయిడ్ 10తో కొన్ని భాగాలను ప్లే స్టోర్ ద్వారానే మార్చే ఏర్పాటు చేసింది. పరీక్షలో ట్రెబుల్ పేరు ఒక్కటే రాస్తే అది సమాచారం మాత్రమే. స్టేజ్‌ఫ్రైట్ తర్వాత రాస్తే కారణంతో కూడిన జవాబు. దయచేసి ఈ రెంటినీ కలిపే చదవండి.

ఓడిపోయినవారినీ వదలకండి. మైక్రోసాఫ్ట్ మొబైల్ ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ ఫోన్ 2010లో వచ్చింది. కదిలే పలకలతో దాని తెర నిజంగా కొత్తగా ఉండేది. కానీ జనం రోజూ వాడే యాప్‌లు దానికి ఆలస్యంగా వచ్చేవి, కొన్ని అసలు రాలేదు. వాడేవారు తక్కువని డెవలపర్లు రాలేదు, యాప్‌లు లేవని కొనేవారు రాలేదు. విండోస్ ఫోన్లు తయారుచేసే నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ 2014లో సొంతం చేసుకుంది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సీఈఓ అయ్యాక, 2015 జులైలో దానికి సంబంధించి సుమారు 760 కోట్ల డాలర్ల విలువను లెక్కల నుంచి కొట్టేశారు. సాంకేతికతతో పాటు దాని చుట్టూ పెరిగే యాప్‌ల ప్రపంచం కూడా గెలుపోటములను తేలుస్తుందని చెప్పడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

భారతదేశ కోణం లేకుండా ఈ జవాబు ముగించవద్దని నా గట్టి సలహా. 2022 అక్టోబర్‌లో మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. గూగుల్ యాప్‌లు కావాలనుకునే తయారీదారులు మార్పులు చేసిన ఆండ్రాయిడ్ రకాలతో ఫోన్లు చేయకుండా ఉన్న షరతులు కూడా ఆ కేసులో కీలకం. అంటే కోడ్ అందరికీ తెరిచి ఉన్నా, దాన్ని మార్చి అమ్మే స్వేచ్ఛకు ఒప్పందాలు అడ్డుపడుతున్నాయన్నది కమిషన్ అభ్యంతరం. 2023 మార్చిలో, కమిషన్ తీర్పులపై అప్పీళ్లు వినే జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించి, కమిషన్ ఇచ్చిన ఆదేశాల్లో నాలుగింటిని పక్కనపెట్టింది. ఎకానమీ పేపర్‌కు ఈ ఒక్క కేసు క్షుణ్ణంగా వస్తే చాలు.

కొత్తగా మొదలుపెడుతున్నవారు రెండు పరిణామాలను కూడా పట్టికలో చేర్చుకోండి. 2019లో అమెరికా ఆంక్షలు పడ్డాక చైనా కంపెనీ హువావే తన సొంత ఆపరేటింగ్ సిస్టమ్ హార్మనీ ఓఎస్‌ను ముందుకు తెచ్చింది. పెద్ద టెక్ కంపెనీల ఆధిపత్యాన్ని అదుపుచేసే ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం కారణంగా 2024 మార్చిలో, ఆ దేశాల వరకు, ఐఫోన్‌లోకి ఇతర యాప్ స్టోర్లను ఆపిల్ అనుమతించింది. రెండింటికీ మూడో గడి మాత్రం మీరే నింపండి.