సెన్సర్ పక్కన సీసా

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ ఏదైనా, సముద్రంలోకి దించే ముందు రోజు బుద్ధిగానే ఉంటుంది. గాలి బుడగలు పంపిన నీటిలో పెడితే నూరు శాతం చూపిస్తుంది. సోడియం సల్ఫైట్ కలిపి ఆక్సిజన్ అంతా హరించిన నీటిలో ముంచితే సున్నాకు దిగుతుంది. ఈ రెండు పరీక్షలూ తప్పనిసరే. కానీ ఈ సెన్సర్లతో కొన్నేళ్లు గడిపాక నాకు తెలిసిందేమిటంటే, అసలు పరీక్ష నీటిలో దించిన పది రోజుల తర్వాతే మొదలవుతుంది.

నేను వాడేవి కాంతితో పనిచేసేవి. నీలి కాంతి పడగానే సెన్సర్ ముఖం మీది రంగు పొర ఎర్రగా వెలుగుతుంది. చుట్టూ ఆక్సిజన్ ఎంత ఎక్కువగా ఉంటే ఆ వెలుగు అంత త్వరగా ఆరిపోతుంది. ఆ ఆరిపోయే తీరు నుంచే కొలత పుడుతుంది. 1950లలో అమెరికన్ శాస్త్రవేత్త లీలండ్ క్లార్క్ రూపొందించిన, విద్యుత్తుతో కొలిచే ఎలక్ట్రోడ్ తాను కొలిచే ఆక్సిజన్‌ను తానే కొద్దికొద్దిగా ఖర్చు చేస్తుంది, అందుకే నీరు కదలని చోట తక్కువ చూపుతుంది. కాంతి సెన్సర్‌కు ఆ బాధ లేదు.

ఉప్పు బాధ మాత్రం ఉంది. 25 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, అదే వేడి ఉన్న సముద్రపు నీరు 6.7 దగ్గరే ఆగుతుంది. సెన్సర్‌లో లవణీయత సున్నా అని వదిలేసి ఉప్పునీటిలో దించితే, ఉన్నదానికంటే ఐదో వంతు ఎక్కువ చెబుతుంది. ఒకసారి నేనే అలా వదిలేశాను. వారం రోజుల లెక్కలన్నీ మళ్లీ వేయవలసి వచ్చింది. నదీముఖాల దగ్గర ఇంకా కష్టం, అక్కడ ఉప్పు శాతం ఆటుపోట్లతో పాటే మారిపోతుంది.

ఇవన్నీ సరిదిద్దుకోగలిగినవే. నన్ను నిజంగా కలవరపెట్టేది ముఖం మీద పెరిగే జిగురు పొర. మొదట కంటికి కనిపించదు, వేలితో తాకితే తెలుస్తుంది. అందులోని సూక్ష్మజీవులు, నాచు రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకుంటాయి. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది. సెన్సర్ చెప్పేది అబద్ధం కాదు, తన ముఖానికి అంటుకుని ఉన్న ఆ పలుచని నీటి సంగతి అది నిజాయితీగానే చెబుతోంది. మనం అడిగింది మాత్రం సముద్రం గురించి. రాగి కవచం, తుడిచే బ్రష్షు కొంత ఆలస్యం చేస్తాయి, అంతే.

అందుకే పైకి తీసిన సెన్సర్‌ను వెంటనే కడగనివ్వను. అదే సముద్రపు నీటిని బకెట్లో పోసి, మురికితో ఒక కొలత, తుడిచాక ఇంకో కొలత తీస్తాను. ఆ తేడా జిగురుది. తుడిచిన తర్వాతా మిగిలిన తప్పు సెన్సర్‌ది. ఈ రెంటినీ కలిపేసి సరిచేసిన గ్రాఫును నేను నమ్మను.

తప్పొప్పులు తేల్చే సాక్షి కూడా కావాలి. 1888లో హంగేరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ చెప్పిన పద్ధతే నాకు ఇప్పటికీ ఆ సాక్షి. సెన్సర్ ఉన్న లోతు నుంచే బుడగ లేకుండా సీసా నింపి, పడవ మీదే మాంగనీస్ ద్రావణం, క్షారంతో కలిసిన అయొడైడ్ వేసి మూత బిగిస్తాం. ఆక్సిజన్ ఉంటే అవక్షేపం, అంటే అప్పుడు ఏర్పడే మడ్డి, గోధుమరంగుకు తిరుగుతుంది. ఆక్సిజనే లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. ఆమ్లం వేసి, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేసి, అంటే దాన్ని చుక్కచుక్కగా కొలిచి కలిపి, స్టార్చ్ నీలం మాయమైన చుక్క దగ్గర అంకె రాసుకోవడం తీరానికి వచ్చాక.

ఒక విడతలో వానల తర్వాత గాలి పడిపోయింది. పైన తేలికైన మంచినీరు దుప్పటిలా పరుచుకుంది. అడుగున ఉన్న సెన్సర్ రోజురోజుకూ దిగుతూ లీటరుకు 2 మిల్లీగ్రాములకు చేరింది. చేపలు, పీతలు నిలవలేవని సాధారణంగా చెప్పే గీత అది. దించి మూడు వారాలైంది కాబట్టి జిగురేనని, ఆ భాగం కొట్టేయమని తోటివారు అన్నారు. నాకూ అదే అనిపించింది, కానీ కొట్టేయడానికి చేయి రాలేదు. మర్నాడు తెల్లవారకముందే పడవలో వెళ్లి అడుగు నీటిని సీసాలోకి పట్టాం. ద్రావణాలు వేసి, మూత బిగించి, తలకిందులు చేసి కలిపాను. పైనీటి సీసాలో ముదురు గోధుమరంగు దిగింది. అడుగు నీటి సీసాను టార్చి వెలుగులో ఎంతసేపు పట్టుకుని చూసినా, అవక్షేపం పాలిపోయిన లేత రంగులోనే ఉండిపోయింది.