పిన్‌కోడ్ 517501

శనివారం, రాత్రి పదిన్నర.

పొద్దున చిత్తూరులో ఉన్న అక్కకి చింతకాయ తొక్కు పంపుదామని కొరియర్ ఆఫీసుకి పోయాను. నా ముందు పదిమంది ఉన్నారు. అట్టపెట్టె మీద అక్కవాళ్ల పిన్‌కోడ్ 517001 రాశాను, పంపేవాళ్ల అడ్రసులో మా తిరుపతిది 517501 రాశాను. ఒక్క అంకే తేడా. ఊరికే నిలబడే బదులు చిత్తూరు నంబరును కారణాంకాలుగా విడగొడదామనిపించింది.

37 మూళ్లు 111 అని బడిలో నేర్చుకున్నదే, కాబట్టి 37 × 27 అంటే 999. 518000లోంచి 999 తీసేస్తే సరిగ్గా 517001! 518000 కూడా 37తో తెగుతుంది. మిగిలిన 13973ని ఫోనులో కుస్తీపడితే 89 × 157 అయింది. చిత్తూరు అంటే 37 × 89 × 157. ఇంత తొందరగా దొరికేసరికి మా ఊరుది కూడా ఇట్టే తేలిపోతుందనుకున్నాను.

తేలలేదు. బస్సులో రసీదు వెనక మొదలుపెట్టాను. 7తో శేషం 5, 13తో 10. 23 దగ్గర ఆశ పుట్టింది గానీ 1 మిగిలింది. ఇంటికొచ్చి ఈ డైరీలోనే రెండు పేజీలు నింపాను. వర్గమూలం 719 చిల్లర కాబట్టి 719 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. చాలు అనడం తేలికే, అవి 128 ఉన్నాయి! 353 దగ్గర 3 మిగిలి మళ్లీ ఊరించింది. "చీటీపాట లెక్కలా నాయనా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. చివరికి 719తో కూడా తెగలేదు. తిరుపతి ప్రధాన సంఖ్య.

అసలు మజా తర్వాత వచ్చింది. రాసుకున్న శేషాలన్నీ ఇంకోసారి చూస్తే ఎక్కడా 2 లేదు. ఏ సంఖ్యతోనూ 2 మిగల్లేదంటే, రెండు తక్కువైన 517499 కూడా దేనితోనూ తెగదు. ఇంకో 128 భాగహారాలు చేయకుండానే తెలిసిపోయింది! "కవలలు!" అని గట్టిగా అన్నాను. "ఎవురికిరా?" అంది అమ్మ వంటింట్లోంచి.

2 మాత్రమే తేడా ఉన్న ఇట్లాంటి ప్రధాన సంఖ్యల జంటలను కవలలంటారు. వీటికి అంతు ఉందో లేదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. 2013లో ఈటాంగ్ జాంగ్ అనే గణిత శాస్త్రవేత్త, 7 కోట్లకు లోపు తేడా ఉన్న ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నాయని నిరూపించాడు. ఆ తర్వాత వేరేవాళ్లు ఆ 7 కోట్లను 246కి దించారు. ఇంకా 2 దాకా దిగాలి మరి.

అమ్మకి ఇదంతా పట్టలేదు. "కొండదో?" అంది. తిరుమల 517504. 2తో తెగుతూనే పోయింది. సరిగ్గా ఏడుసార్లు, ఆ తర్వాత 13 × 311. అమ్మ రెండు చేతులూ జోడించింది. 1972లో పిన్‌కోడ్లు పెట్టినవాళ్లు కొండలు లెక్కపెట్టి ఇచ్చారని నేననుకోను. ఎనిమిదిసార్లు తెగినా మనం ఏదో ఒకటి అతికించేవాళ్లమే. అయినా ఆమెతో వాదించలేదు.

ఇందాక అక్క ఫోన్ చేసి ట్రాకింగ్ నంబరు అడిగింది. రసీదు తీసి చూస్తే, వెనక వైపు చోటు చాలక ముందు వైపుకి పాకిన భాగహారాలు సరిగ్గా ఆ నంబరు మీదే ఉన్నాయి. చివరి నాలుగు అంకెలు 3లో 8లో తెలియడం లేదు. వచ్చినప్పుడు వస్తుందిలే అక్కా అన్నాను.