ఓజ్ పుస్తకాల్లో పేర్లు చేసిన మరమ్మతు

లైమన్ ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన ‘ది వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్’ కథ విననివారు తక్కువే గాని, ఆయనే దానికి మరో పదమూడు కొనసాగింపులు రాశాడన్న సంగతి నాకు చాలాకాలం వరకు తెలియదు. తెలిసిన వెంటనే 1904లో వచ్చిన రెండో పుస్తకం ‘ది మార్వెలస్ లాండ్ ఆఫ్ ఓజ్’ తెరిచి, సుడిగాలిలో ఓజ్ అనే మాయాదేశానికి ఎగిరివెళ్లిన డొరోథీ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ చివరిదాకా చదివాను. ఆమె రాలేదు. ఆమె కుక్క టోటో రాలేదు, నేస్తమైన పిరికి సింహమూ రాలేదు. ఆమె మిగతా ఇద్దరు నేస్తాలు దిష్టిబొమ్మ, రేకు మనిషి మాత్రం పుస్తకమంతా తామే అయి తిరిగారు.

ఇందుకు కారణం పుస్తకం మొదట్లోనే ఉంది. 1902లో మొదటి కథ సంగీత నాటకంగా రంగస్థలానికి ఎక్కినప్పుడు దిష్టిబొమ్మగా ఫ్రెడ్ స్టోన్, రేకు మనిషిగా డేవిడ్ మాంట్‌గొమరీ వేసిన వేషాలు ప్రేక్షకులను విపరీతంగా ఆకట్టుకున్నాయి. బామ్ రెండో పుస్తకాన్ని ఆ ఇద్దరికే అంకితం చేశాడు. వెయ్యిమంది ఆడపిల్లలు వెయ్యి ఉత్తరాలు రాస్తే ఆ రెండు పాత్రలతో మరో పుస్తకం రాస్తానని ఒక చిన్న పాపకు మాట ఇచ్చినట్లు ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ పాప పేరు కూడా డొరోథీయేనట. అడగడానికి వచ్చిన డొరోథీకి పుస్తకంలో చోటు దొరకకపోవడం నాకిప్పటికీ తమాషాగానే అనిపిస్తుంది.

మొదటి పుస్తకంలో పేర్ల విషయంలో బామ్ చాలా పొదుపరి. దుష్ట మంత్రగత్తెలకు పేర్లే లేవు, తూర్పు, పడమర అన్న దిక్కులున్నాయి. రేకు మనిషికీ పేరు లేదు. నిక్ చాపర్ అన్న పేరు రెండో పుస్తకంలో గాని కనబడదు. డొరోథీకి ఇంటిపేరైన గేల్ మొదట నాటకంలో పుట్టి, 1907 నాటి ‘ఓజ్మా ఆఫ్ ఓజ్’తో పుస్తకాల్లోకి వచ్చింది. గేల్ అంటే పెనుగాలి కాబట్టి, సుడిగాలికి ఎగిరివచ్చిన పిల్లకు అంతకన్నా తగిన ఇంటిపేరు వెతికినా దొరకదు.

అయితే కొనసాగింపుల్లో పేర్లు అలంకారాలుగా మిగిలిపోలేదు, కథకు పడిన చిల్లులను పూడ్చే పని చేశాయి. రెండో పుస్తకంలో టిప్ అనే కుర్రవాణ్ణి మోంబీ అనే మంత్రగత్తె పెంచుతూ ఉంటుంది. చివరకు ఆ కుర్రవాడే మంత్రంతో మగపిల్లవాడిగా మార్చబడిన రాకుమారి ఓజ్మా అని తేలుతుంది. ఆ పసిపాపను తెచ్చి మోంబీకి అప్పగించింది ఎవరు? మొదటి పుస్తకంలో మనం మోసగాడైనా మంచివాడే అనుకున్న ఆ ఓజ్ మాయావి, విజార్డ్! సింహాసనానికి వారసురాలైన శిశువును మాయం చేసినవాణ్ణి పిల్లలు మళ్లీ ప్రేమించడం కష్టం. కాని 1908లో బామ్ అతణ్ణి వెనక్కి తీసుకురాదలచుకున్నాడు.

అప్పుడు చేసిన మరమ్మతు ‘డొరోథీ అండ్ ద విజార్డ్ ఇన్ ఓజ్’లో ఉంది. ఓజ్మా ఎదుట నిలబడి ఆ ముసలాయన తన అసలు పేరు చెబుతాడు: ఆస్కార్ జొరాస్టర్ ఫాడ్రిగ్ ఐజాక్ నార్మన్ హెంకిల్ ఇమాన్యుయేల్ ఆంబ్రోయిస్ డిగ్స్. తండ్రి రాజకీయ నాయకుడట, ఆ పొడుగు అందుకే కాబోలు. మొదటి రెండు పేర్ల తొలి అక్షరాలు ఓ, జెడ్. మిగిలిన ఏడింటి తొలి అక్షరాలు కలిపితే ఇంగ్లీషులో ‘పిన్‌హెడ్’, అంటే గుండుసూది బుర్ర, మన మాటలో శుద్ధ మొద్దు. అందుకే అతడు మొదటి రెండక్షరాలతోనే ఆగిపోయి, సర్కసులో చేరాక వాటినే తన బెలూన్ మీద రాయించుకున్నాడు. ఇక ఓజ్మా అందుకుని, తమ దేశాన్ని ఏలే రాజుకు ఓజ్ అనీ, రాణి అయితే ఓజ్మా అనీ పేరుండటం ఆనవాయితీ అనీ, బెలూన్ మీది అక్షరాలు చూసి ప్రజలు అతణ్ణి తమ ప్రభువే అనుకున్నారనీ వివరిస్తుంది. ఓజ్మా తాతనూ తండ్రినీ బంధించిన నేరమంతా మంత్రగత్తెల మీదికి పోతుంది. పాపను అప్పగించిన మాట ఎవరూ ఎత్తరు. రెండక్షరాలతో ఒక నేరస్థుడు నిర్దోషి అయ్యాడు. రచయితగా ఇది గడుసుతనమే గాని, ఆ గడుసుతనానికి నేను టోపీ తీసేస్తాను.

పేరు మార్చడంలో బామ్‌కు ఒక సరదా కూడా ఉన్నట్లుంది. ‘ఓజ్మా ఆఫ్ ఓజ్’లో డొరోథీకి తోడైన పసుపు రంగు కోడికి మొదట బిల్ అని పేరు, గుడ్డులోంచి వచ్చినప్పుడు పెట్టో పుంజో తెలియక ఒక పిల్లవాడు అలా పిలిచాడట. ఆడకోడికి అది నప్పదని డొరోథీ చివర ఒక తోక తగిలించి బిలీనా అంటుంది. టిప్ ఓజ్మా అయిన మూడేళ్లకే ఈ కోడి వచ్చిందని గమనిస్తే, ఒకే ఊహను ఒకసారి గంభీరంగా, ఇంకోసారి నవ్వులాటగా వాడాడని అర్థమవుతుంది. నోమ్‌లు అనే భూగర్భవాసుల రాజు సంగతి మరీ విచిత్రం: అతడి పేరు రోక్వాట్. 1910లో మరపు నీళ్లు తాగి తన పేరే మరచిపోయాడు. 1914లో ‘టిక్-టాక్ ఆఫ్ ఓజ్’లో రుగ్గెడోగా తిరిగివచ్చాడు, పేరు పోయింది గాని దుర్బుద్ధి చెక్కుచెదరలేదు.

ఆ 1910 నాటి ఆరో పుస్తకం ‘ది ఎమరాల్డ్ సిటీ ఆఫ్ ఓజ్’తో వరుసను ముగించాలని బామ్ అనుకున్నాడు. మంచి మంత్రగత్తె గ్లిండా మంత్రం వేసి దేశాన్ని బయటి కళ్లకు కనబడకుండా చేస్తుంది, ఇక అక్కడి కబుర్లు రావు. కాని మరుసటి ఏడాదే బామ్ దివాలా తీశాడు, పిల్లలకు కావలసిందీ ఓజ్ ఒక్కటే. 1913లో, వైర్‌లెస్ తంతి ద్వారా డొరోథీతో మాట్లాడగలుగుతున్నానని చెప్పి మళ్లీ మొదలుపెట్టాడు. 1919లో ఆయన కన్నుమూసిన తరువాత, 1920లో పద్నాలుగో పుస్తకం ‘గ్లిండా ఆఫ్ ఓజ్’ వెలువడింది.

1921లో పదిహేనోది వచ్చింది. ‘ది రాయల్ బుక్ ఆఫ్ ఓజ్’ అనే ఆ పుస్తకాన్ని రాసినది రూత్ ప్లమ్లీ థాంప్సన్. ఆమె ఆ తరువాత 1939 వరకు ఏడాదికొకటి చొప్పున రాస్తూ పోయింది. అయినా ఆ మొదటి పుస్తకం అట్ట మీద రచయితగా అచ్చయిన పేరు మాత్రం బామ్‌దే.