అణ్ణాపిళ్ళె వీధిలో ఒక చిట్టా పుస్తకం

నెల్లూరువాళ్ళం మద్రాసు పోతే చూసేది ఎంత? సెంట్రల్ స్టేషను, టి.నగర్, అవసరమొస్తే ఏదో ఒక ఆసుపత్రి. మూడు గంటల ప్రయాణం, పొద్దున పోయి రాత్రికి వచ్చేయొచ్చు. అంత దగ్గరున్న ఊరిలో మనవాళ్ళు కట్టుకున్న పేటల వైపు ఎవరం కన్నెత్తి చూడం. ఈ బాధ నాకు చాన్నాళ్ళ నుంచి ఉంది. పిన్నివాళ్ళ గృహప్రవేశానికి అందరం పెరంబూరులో దిగినప్పుడు, మర్నాడు శనివారం ఎక్కడికి పోదామన్న మాట వచ్చింది. వదిన పాండీ బజారంది. పెద్దమ్మ కపాలీశ్వరుడి గుడంది. పెదనాన్న మాత్రం "నేను అణ్ణాపిళ్ళె వీధి చూడాల" అని ఒకటే పట్టు.

అణ్ణాపిళ్ళె వీధి ఎందుకంటే, పొట్టి శ్రీరాములుగారు పుట్టింది అక్కడ. 1901 మార్చి 16న, జార్జిటౌనులో, ఆ వీధిలోని 165వ నంబరు ఇంట్లో. 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారింట్లో ప్రాణం వదిలారని అందరికీ తెలుసు. ఏ ఊరి కోసం ఆ గొడవంతా జరిగిందో ఆ ఊళ్ళోనే పుట్టారని ఎంతమందికి తెలుసు? 2008 నుంచి మా జిల్లాకి ఆయన పేరే. బస్సుల మీద, ఆఫీసు బోర్డుల మీద రోజూ చదువుతూనే ఉంటాం.

వదినకి గోడౌన్ స్ట్రీట్ చీరల ఆశ చూపించి బయల్దేరదీశాం. పెరంబూరు నుంచి లోకల్లో సెంట్రల్, అక్కణ్ణుంచి మెట్రోలో హైకోర్టు, ఒక్కటే స్టేషను. పైకి రాగానే ఆటోవాళ్ళు చుట్టుముట్టారు. నడిచిపోయే దూరానికి రెండొందలంట! పెద్దమ్మ మోకాళ్ళు చూసి మరీ చెప్పే రేటది. బాబాయి తమిళంలో గట్టిగా మాట్లాడితే నూటయాభైకి దిగారు. ఎక్కలేదు, నడిచాం.

బాబాయి రైలుపెట్టెల ఫ్యాక్టరీ ఐ.సి.ఎఫ్.లో రిటైరైన మనిషి, పుట్టి పెరిగింది ఇక్కడే. హైకోర్టు ఎర్ర గోడ పక్కన ఆగి, "మొదట చెన్నకేశవుడి గుడి ఉన్నది ఈడనే" అన్నాడు. 1757లో ఫ్రెంచివాళ్ళు మీద పడతారన్న భయంతో కంపెనీవాళ్ళు ఆ గుడిని పడగొట్టారు. తర్వాత మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనుకుని పూలబజారు దగ్గర దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవుడికీ చెన్నమల్లీశ్వరుడికీ పక్కపక్కనే కోవెలలు కట్టించారు. ఈ ఊరిని 1639లో ఇంగ్లీషువాళ్ళకి రాసిచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు మనవాడు, పట్నానికి పేరుపడ్డ చెన్నప్ప నాయకుడు ఆయన తండ్రి, వాళ్ళకి దుబాసీగా నిలబడ్డ బేరి తిమ్మన్న మనవాడు. కోటకి ఇవతల మనవాళ్ళుండే చోటుని మాత్రం బ్లాక్ టౌన్ అన్నారు. 1911లో ఐదో జార్జి పట్టాభిషేకమప్పుడు జార్జిటౌను చేశారు. గోవిందప్ప నాయకన్ వీధి, నైనియప్ప నాయకన్ వీధి, రాసప్ప చెట్టి వీధి అని బోర్డులు చదువుకుంటూ నడుస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. మా వదిన కొడుకు ఒక్కొక్క బోర్డూ పైకి చదువుతున్నాడు.

గోడౌన్ స్ట్రీట్ సంగతి త్వరగా తేల్చేస్తాను. అక్కడ చీర ఒకటీ అరా ఇవ్వరు, సెట్టు తీసుకోవాలి. వదినకి నచ్చిన నెమలికంఠం రంగు కావాలంటే దాంతోపాటు నచ్చని రంగులన్నీ కొనాలి. ఖాళీ చేతులతో బయటికొచ్చింది. పూలబజారులో కనకాంబరాల ధర విని పెద్దమ్మ మొగ్గమల్లెతో సరిపెట్టుకుంది. కొత్వాల్ చావడిలో కన్యకా పరమేశ్వరి అమ్మవారి దర్శనం బాగా జరిగింది. కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడుకి పోయినా, బస్తాలు మోసేవాళ్ళు, మూడు చక్రాల బళ్ళు, "ఓరం, ఓరం" (పక్కకి, పక్కకి) అనే కేకలు అక్కడే ఉండిపోయాయి.

అణ్ణాపిళ్ళె వీధికి చేరేటప్పటికి ఎండ నడినెత్తిన ఉంది. మద్రాసు ఇళ్ళ నంబర్లు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఒక్కో తలుపు మీద పాత నంబరొకటి, కొత్త నంబరొకటి, మధ్యలో గీత. కొన్నిటికి ఒకటే ఉంది, అది పాతదో కొత్తదో ఎవరూ చెప్పలేరు. ఆ కొసకీ ఈ కొసకీ తిరిగాం. అడిగినవాళ్ళలో సగంమంది మార్వాడీలు, పాపం హిందీలో ఏదో దారి చెప్పారు. పెదనాన్న మొహం వాడిపోయింది.

అప్పుడు గోనెసంచులూ పురికొసా అమ్మే ఒక చిన్న దుకాణంలోంచి పెద్దాయన పిలిచాడు. "తెలుగువాళ్ళా? రాండి, నీడకి రాండి. ఏమి వెతకతా ఉండారు?" డెబ్బయ్యేళ్ళుంటాయి, తెల్ల పంచె, నుదుట పెద్ద బొట్టు. సంగతి చెబితే, "ఆ నంబర్లన్నీ మా నాయన కాలంలోనే మారిపాయ అన్నా. ఇది అని వేలు పెట్టి చూపిస్తే నేను అబద్ధం చెప్పినట్టు. ఈ వీధే, అంతవరకు నిజం" అన్నాడు. కుర్రాణ్ణి పంపి అందరికీ నిమ్మకాయ సోడా తెప్పించాడు. డబ్బులివ్వబోతే కోపం చేసుకున్నాడు.

కాసేపు మాట్లాడాక, పెదనాన్నని ఎగాదిగా చూసి, "మీకు పాత తెలుగు రాత చదవను వచ్చునా?" అని అడిగాడు. పెదనాన్న కరణాల ఇంటి మనిషి. చిన్నప్పుడు తాతగారి అడంగళ్ళు, దస్తావేజులు చదివి పెరిగాడు. వస్తుందన్నాడు. పెద్దాయన లోపలికి పోయి ఎర్ర గుడ్డ చుట్టిన మూట తెచ్చాడు.

పొడుగ్గా, సన్నగా ఉన్న చిట్టా పుస్తకం. అట్ట అంచులు చెదలు కొరికేసింది. మొదటి పుటలో నాలుగు మూలలా పసుపు, ఇప్పటికి గోధుమరంగుకి తిరిగింది. పైన "శ్రీరామ", కింద "ప్రభవ నామ సంవత్సర చైత్ర శుద్ధ పాడ్యమి". ప్రభవ అంటే 1927. ఆ ఉగాదినాడు వాళ్ళ తాత కొత్త లెక్క మొదలుపెట్టాడన్నమాట. సిరా నల్లగా మెరుస్తూనే ఉంది. అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోయి గొలుసుకట్టుగా ఉన్నాయి, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అంకెలన్నీ తెలుగు అంకెలే. వాటి పక్కన కాలు, అర, ముప్పావులకి వేసిన చిన్న గీతలు. పెదనాన్న కళ్ళద్దాలు తుడుచుకుని గోనెసంచుల మీద కూర్చున్నాడు.

"చింతపండు బస్తాలు పన్నెండు, జమ. హమాలీ కూలి, ఖర్చు. బండి బాడిగ, ఆరణాలు. అమ్మవారి కోవెలకు ధర్మం, పావలా." ఇలా చదువుతుంటే పెద్దాయన తల ఊపుతున్నాడు. వాళ్ళ తాత కొత్వాల్ చావడిలో చింతపండు వ్యాపారం చేశాడని విన్నాడట గానీ, ఈ పుస్తకంలో ఏముందో ఇంతవరకు తెలియదట. "మా నాయన తెలుగులో చదివినాడు. నన్ను తమిళంలో వేసినారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవను రాదు. మనవళ్ళకి బళ్ళో తెలుగు తీసుకుంటామన్నా కుదరలేదు" అన్నాడు. 2006లో చట్టం తెచ్చి తమిళం తప్పనిసరి చేశాక ఇక్కడి తెలుగు పిల్లల చదువు ఎటు తిరిగిందో బాబాయికి తెలుసు, వాళ్ళింట్లోనూ అదే కథ. తమిళం నేర్చుకోవడం తప్పని నేననను. కానీ తాత రాసిన లెక్క మనవడు చదవలేకపోవడం నాకు గుండెల్లో గుచ్చుకుంది.

ఇంకో నాలుగు పుటలు తిప్పాక పెదనాన్న ఆగాడు. "చిన్నమ్మికి పుట్టువెంట్రుకలు, తిరుపతి ఖర్చు, పదకొండు రూపాయల మూడణాలు."

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "చిన్నమ్మి మా అమ్మ అన్నా! మా అమ్మని అందరూ అట్లనే పిలిచేది!" వెంటనే ఫోను తీసి అంబత్తూరులో ఉన్న అక్కకి కలిపి, స్పీకరు పెట్టి, "ఇంకోసారి చదవండి" అన్నాడు. పెదనాన్న గొంతు సవరించుకుని మళ్ళీ చదివాడు. అవతల ఆవిడ "పదకొండు రూపాయలా? ఆ కాలంలోనా?" అని గట్టిగా అరిచింది. అమ్మని తిరుపతికి బండి కట్టుకుని తీసుకెళ్ళారో రైల్లో తీసుకెళ్ళారో రాసుందా అని అడిగింది. రాయలేదు. అయితే పక్క పుటలు చూడండి అంది. చూశాం. "కొత్త గౌను గుడ్డ, గజం" అని ఒక పద్దు దొరికింది. అది విని ఆవిడ ఏడ్చింది. మా పెద్దమ్మ కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బేరానికొచ్చినవాళ్ళు బయట నిలబడి ఈ గుంపేమిటా అని చూస్తున్నారు. కుర్రాడే వాళ్ళకి సంచులు కట్టి ఇస్తున్నాడు.

మధ్యాహ్నం భోజనం సంగతే మర్చిపోయాం. అర్మేనియన్ చర్చి చూడాలని నాకుండేది, అదీ పోయింది. దీపాలు పెట్టే వేళకి ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో సీనా భాయ్ దగ్గర నిలబడి నెయ్యి కారే పొడి ఇడ్లీ తిన్నాం. అక్కడ ఇడ్లీ, ఊతప్పం తప్ప ఇంకేమీ చెయ్యరు. ఇడ్లీకి ఇంత ధరా అని పెదనాన్న ఎప్పటిలా అనలేదు. రెండో ప్లేటు ఆయనే అడిగాడు.

వదిన కొడుకు ఆ పుస్తకమంతా ఫోనులో ఫోటోలు తీసుకొచ్చాడు. ఇప్పుడు నెల్లూరులో రోజూ పొద్దున పెదనాన్న చదవడం, వాడు టైపు చేసి వాట్సాప్‌లో పెద్దాయనకి తమిళ లిపిలో పంపడం. చైత్రం, వైశాఖం అయ్యాయి. జ్యేష్ఠంలో ఒక మాట దగ్గర ఆగిపోయారు, "క" నా "త" నా అని ఇద్దరూ వాదులాడుతున్నారు. మూటలో ఇంకా మూడు పుస్తకాలున్నాయట. దసరాకి వస్తే విప్పుదాం, అంతవరకు ముట్టుకోను అన్నాడు పెద్దాయన. టిక్కెట్లు చేయించమని పెదనాన్న నిన్న మళ్ళీ ఫోను చేశాడు.