తోలుబొమ్మలు, ఫ్లెక్సీలు

ఇటీవల అనంతపురంలో జరిగిన ఒక ఉత్సవంలో, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు ఆడిన సుందరకాండ తోలుబొమ్మలాట చూశాను. ఆట ముగిశాక హనుమంతుడి బొమ్మను దగ్గరగా చూసే అవకాశం దొరికింది: వెలుతురు దూరేంత పలుచగా గీకిన మేకతోలు, దాని నిండా ఉలితో కొట్టిన సన్నని రంధ్రాలు, కీళ్ల దగ్గర దారపు ముడులు, నడుమ నిలబెట్టే వెదురుబద్ద. ముడి తెగితే మళ్లీ వేస్తారు, రంగు వెలిస్తే మళ్లీ పూస్తారు కాబట్టి ఒక్కో బొమ్మ ఏళ్ల తరబడి ఆడుతుంది. తెల్లని తెర, వెనుక దీపం, కాలికింద చప్పుడు చేసే చెక్కపలక ఉంటే రంగస్థలం సిద్ధమైనట్టే.

ఆ ఆట చుట్టూ నిర్వాహకులు చేసిన హంగామా మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. ఆనాటి తేదీతో అచ్చు వేయించినందువల్ల మరునాటికే పనికిరాకుండా పోయిన ఫ్లెక్సీలు (వాటిపై బొమ్మల కంటే దాతల ముఖాలే ఎక్కువ) పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. వాటిని తగలబెడితే వెలువడేది విషవాయువు. ఆముదపు దీపాలకే తిరిగి వెళ్లాలని నేననను, ఎందుకంటే పొగ పీలుస్తూ పాడేది కళాకారులే. తక్కువ కరెంటుతో వెలిగే ఎల్‌ఈడీ బల్బు నిక్షేపంగా సరిపోతుంది. తేదీ వేయకుండా గుడ్డమీద రాయించిన బ్యానరును ఏటా వాడుకుంటే మిగిలే డబ్బుతో, జట్టు పెద్దాయన ఆ రాత్రి మొహమాటపడుతూ అడిగిన దారి ఖర్చులైనా ఇవ్వవచ్చు.