రోడ్డు తవ్వకుండా గొట్టాన్ని పరీక్షించిన రోజు

నిరుడు వేసవిలో హాలియా నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో, రోడ్డు కిందుగా పోయే ఒక ఉక్కు నీటి గొట్టాన్ని తుప్పు తిన్నదేమో పరీక్షించే పని మాకు పడింది. రెండు వైపులా గొట్టం బయటికే ఉన్నా, మధ్యలో దాదాపు 18 మీటర్లు చౌడు నేలలో పూడి ఉంది. మందం కొలిచే మామూలు అల్ట్రాసోనిక్ పరికరం ప్రోబ్ ఆనించిన చోట, రూపాయి బిళ్లంత మేరకే లెక్క చెబుతుంది కనుక, దానితోనే పని జరగాలంటే రోడ్డు తవ్వక తప్పదు.

అందుకే గొట్టం చుట్టూ సెన్సర్ల పట్టీ బిగించి, కొన్ని పదుల కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలో, గొట్టాన్ని మెలితిప్పుతున్నట్లుగా సాగే ధ్వని తరంగాన్ని పంపాము. గొట్టం గోడే దారి అవుతుంది కనుక ఈ రకాన్ని గైడెడ్ తరంగాలంటారు. మెలికపెట్టే కదలికను నీరు మోయలేదు కాబట్టి, లోపల నీళ్లున్నా తరంగం పెద్దగా బలహీనపడదు. పైపూతగా వేసిన తారు మాత్రం దాన్ని బాగా పీల్చేస్తుంది. ఉక్కులో దాని వేగం సెకనుకు సుమారు 3,200 మీటర్లు. ప్రతిధ్వని 5 మిల్లీసెకన్లకు తిరిగి వచ్చిందంటే, దాన్ని వెనక్కి పంపినదేదో 8 మీటర్ల దూరంలో ఉన్నట్లు. వెల్డింగ్ అతుకు చుట్టూ ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి దాని ప్రతిధ్వని శుభ్రంగా వస్తుంది. ఒక పక్కనే తిన్న తుప్పు నుంచి వంగే రకం తరంగాలు కూడా కలిసి వస్తాయి. మాకు ఆ రెండో రకమే కనిపించింది.

'ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది?' అని గొట్టం యజమానుల తరఫున వచ్చినాయన అడిగారు. ఈ పద్ధతి ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. అడ్డుకోతలో, అంటే గొట్టాన్ని అడ్డంగా కోస్తే కనిపించే లోహపు వలయంలో, ఇంచుమించు 5 శాతం లోహం పోతే పట్టుకుంటుంది గానీ, సూదిమొనంత సన్నని లోతైన గుంటను వదిలేయవచ్చు. ఎక్కడ తవ్వి చూడాలో చెప్పడం వరకే దాని పని. ఆ సంగతి ముందే చెప్పకపోవడం మా తప్పే.

సాగర్ డ్యామ్‌కు కూడా ఇదే పెట్టవచ్చు కదా అని మా ఊళ్లో చాలామంది అడుగుతుంటారు. రాతికట్టడపు ఆ లావు గోడలో తరంగం రాయికీ గచ్చుకూ మధ్య చెదిరిపోతుంది. దాని 26 క్రస్ట్ గేట్ల ఉక్కు పలకలైతే వేరు. పలకల్లో ఇలాంటి తరంగాల నడకను బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త హొరేస్ లాంబ్ 1917లోనే గణితంతో చూపాడు.

నాకు అసలు ఆసక్తి పట్టీని శాశ్వతంగా అతికించి ఉంచడంలో ఉంది. ఒకసారి చూసిన ప్రతిధ్వని కంటే, అదే గొట్టం నిన్నటి ప్రతిధ్వనితో నేటిదాన్ని పోల్చడం చాలా చిన్న మార్పును పట్టిస్తుంది. ఇక్కడ మన ఎండే చిక్కు. ఉక్కు వేడెక్కితే తరంగం నెమ్మదిస్తుంది. ఉదయం ఆరింటి రికార్డును మధ్యాహ్నం రెండింటి దానిలోంచి తీసివేసినప్పుడు, ఏ తుప్పూ లేని చోట కూడా లోపం ఉన్నట్లు గీతలు మిగిలాయి. అందుకే ఇప్పుడు పట్టీ పక్కనే గొట్టానికి ఉష్ణోగ్రత సెన్సర్ అంటించి, చలికాలపు తెల్లవారుజాము నుంచి రోహిణి ఎండల దాకా రికార్డులు పోగుచేస్తున్నాము.