బోర్లా పడుకోబెడితే తెలిసింది

మావయ్య జబ్బేమిటో ఇవాళ తేలింది. టీబీ కాదు, ఊపిరితిత్తిలో ఫంగస్. పెదవాల్తేరు చెస్ట్ ఆసుపత్రి మెట్లు దిగుతూనే అత్త అడిగింది, "అంటుకోదు కదమ్మా?" అని. అంటుకోదు. మనిషి నుంచి మనిషికి రాదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఇన్నాళ్ళూ ఆయన కంచం వేరు, గ్లాసు వేరు. మనవణ్ణి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. దగ్గుకన్నా నాకు అదే ఎక్కువ బాధగా ఉండేది.

వయసులో ఉన్నప్పుడు వచ్చిన టీబీ నయమైంది గానీ, ఊపిరితిత్తి పైభాగంలో ఒక డొల్ల మిగిలిపోయింది. అందుకే దగ్గు, బరువు తగ్గడం, కళ్ళెలో నెత్తుటి చారలు చూసి ఒకచోట "తిరగబెట్టింది" అనేశారు. పరీక్షలో టీబీ క్రిములు కనపడకపోయినా మళ్ళీ అవే మందులు. ఎంత నీరసించిపోయాడో!

ఈ డాక్టరుగారు ఎక్స్‌రే పక్కన పెట్టి, "పెద్దాయనా, పగలంతా ఎక్కడుంటారు?" అని అడిగారు.

"కంచరపాలెంలో దాణా గోడౌన్ బాబూ. వానలకి అడుగు బస్తాలు చెమ్మెక్కి బూజు పట్టేస్తాయి. దులిపి ఎండేస్తాం."

"దులిపితే దుమ్ము లేస్తుందా?"

"లేస్తాది. పచ్చగా, పొగలాగ."

ఆ ప్రశ్న ముందే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. ఆస్పర్‌జిల్లస్ అనే ఆ బూజు విత్తనాలు 2, 3 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటాయట, నేరుగా ఊపిరితిత్తి లోలోపలిదాకా పోతాయి. మనందరం రోజూ పీలుస్తూనే ఉంటాం, ఒళ్ళు వాటిని చంపేస్తుంది. పాత టీబీ డొల్ల దొరికితే మాత్రం అక్కడే తిష్ఠ వేసి ఉండ కడతాయి.

సీటీ బొమ్మలు నాకూ చూపించారు. వెల్లకిలా పడుకున్నప్పుడు ఉండ డొల్లలో వీపు వైపుకి ఆనుకుని ఉంది, పైన నెలవంకలాగ సన్నటి గాలి. బోర్లా పడుకోబెట్టి తీసినదాంట్లో ఉండ ఛాతీ వైపుకి జారిపోయింది. కణితి అయితే అలా కదలదన్నారు. నేను ఆ రెండు బొమ్మలూ మార్చి మార్చి చూశాను. రక్తంలో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ, అంటే ఆ బూజు మీద ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీ కూడా బాగా ఎక్కువగా వచ్చింది.

ఫంగస్ మందు ఇట్రాకొనజోల్ కనీసం 6 నెలలు వాడాలి. క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ బిళ్ళలు దాంతో కలిపితే మందు ఒంటికి పట్టదట, అవి మానెయ్యమన్నారు. మధ్యలో లివర్ పరీక్ష చేయించాలి. నెత్తురు ఎక్కువ పడితే ఆ రాత్రికి రాత్రే రమ్మన్నారు.

ఇక గోడౌన్. "నేను మానేస్తే బస్తాలు ఎవడు దులుపుతాడే?" అంటాడు మావయ్య. ఎవరూ పొడిగా దులపకూడదు, బూజు పట్టినవి పారెయ్యాలి అని యజమానితో నేనే మాట్లాడతాను. అక్కడ ఇంకొకాయనకి కూడా పాత టీబీ ఉందని, ఈమధ్య దగ్గుతున్నాడని ఆటోలో మావయ్యే చెప్పాడు. ఆయన్ని సోమవారం ఓపీకి వెంటబెట్టుకు రమ్మన్నాను.